ఉప్పు తగలని పళ్ళెం

మా దీవికి పెళ్ళికని వచ్చేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఒక్కటే: వానల నెలల్లో రావద్దు. రెండోది, ఫెర్రీ కదలకపోతే నన్ను తిట్టొద్దు. మిగిలినవన్నీ చిన్నా చితకా. సైనికుల బట్టల్లాంటి మచ్చల గుడ్డలు తేవద్దు, ఇక్కడి చట్టం ఒప్పుకోదు, విమానం దిగగానే లాక్కుంటారు. తీరంలో పచ్చని చిన్న కాయలు కాసే మాంచినీల్ చెట్టు కింద వానకి తలదాచుకోవద్దు, ఆ ఆకుల మీద నుంచి చుక్క పడితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. పెళ్ళిబట్టలు పెద్ద పెట్టెలో పడెయ్యకుండా చేత్తో పట్టుకుని రండి. పెళ్ళికి నాలుగు రోజుల ముందే దిగండి. ఇదంతా ఫోనులో చెబుతాను, మెయిల్లో రాస్తాను, దిగాక మళ్ళీ మొదటి నుంచీ చెబుతాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుంది.

ఆ ఏడాది అక్టోబరులో టొరంటో నుంచి వచ్చినవాళ్ళు మొదటి మాటే వినలేదు. వానల్లో గదులు చవక కదా మరి.

మా ఇల్లు కరీబియన్ సముద్రంలోని కారియకూ దీవిలో, విండ్‌వర్డ్ ఊళ్ళో సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఆరు గదులు అతిథులకి, ఒకటి అమ్మకి, వంటింటి పక్కన కొట్టులాంటిది నాకు. వసారాలో నిలబడితే నీళ్ళకి అవతల పిటీ మార్టినీక్ దీవి కనిపిస్తుంది. పెద్దగా పిలిస్తే పలుకుతారేమో అనిపించేంత దగ్గర. అక్కడ ఆల్విన్ పడవలు కడతాడు. అతన్ని చేసుకోవాలని నేనూ, నన్ను చేసుకోవాలని అతనూ ఎదురుచూడటం మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఈలోగా ముక్కూ మొహం తెలియని జంటలకి ఇసుకలో నిలబెట్టి పెళ్ళిళ్ళు చేయించడమే నా ఉద్యోగమైంది.

మా అడ్డంకి నాన్న. అప్పటికి ఆయన పోయి ఆరేళ్ళయింది, అయినా ఆయనే. మా దీవిలో పెళ్ళికి ముందు పెద్దలకి పెట్టాలి. పెద్దలంటే పోయినవాళ్ళు. వాళ్ళు ఇంట్లోవాళ్ళ కలలోకి వచ్చి, సరే కానివ్వండి, మాకు ఫలానాది వండి పెట్టండి అని అడగాలి. అడిగాక పళ్ళెం పెట్టాలి. అది జరగని పెళ్ళికి డోలు వాయించేవాడు రాడు, పాట పాడే ఆడది రాదు. నాన్న అమ్మ కలలోకి రాలేదు. భార్య బతికుండగా మాట ఆమెకే చెప్పాలి కాబట్టి నా కలకి విలువ లేదు. తెగించి పడవెక్కి పోవచ్చు కదా అంటారేమో. పోలేను. ఎందుకంటే నేనూ నమ్ముతాను, చిక్కంతా అక్కడే ఉంది. అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది నా బతుకు.

సెప్టెంబరు ఆఖర్లో ఆల్విన్ చేపలు ఇవ్వడానికి వచ్చాడు. పడవ ఇసుక మీదికి లాగుతూనే అడిగాడు.

"అమ్మకి కలొచ్చిందా?"

"రాలేదు."

"మీ నాన్నకి నా మీద ఇంకా కోపమేమో. అప్పట్లో ఒకసారి ఆయన వల చింపాను."

నేను నవ్వలేదు. అతను తాడు కట్టడం ఆపేసి నా వైపు తిరిగాడు.

"ట్రినిడాడ్‌లో పడవల యార్డులో పని దొరికింది థియా. క్రిస్మస్ అయ్యాక చేరమన్నారు. పెళ్ళయితే వెళ్ళను, ఇక్కడే ఉంటా. కాకపోతే మాత్రం, రోజూ ఎదురుగుండా మీ ఇంటి దీపం చూస్తూ ఇంకో ఏడాది కూర్చోవడం నా వల్ల కాదు."

"నాకేమన్నా సరదాగా ఉందా?"

"సరదా అన్లేదు. ఇంక అడగనంటున్నా, అంతే."

చేపలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వాటిని శుభ్రం చేస్తూ వంటింట్లో ఏడ్చాను. అమ్మ చూసి, తల తిప్పుకుని ఉల్లిపాయలు తరుక్కుంది.

పెళ్ళివాళ్ళు పన్నెండు మంది వచ్చారు. పెళ్ళికూతురు మారెన్ సన్నగా, చురుగ్గా ఉండేది. తల్లి కిందటేడే పోయింది. పెళ్ళికొడుకు తల ఊపడం తప్ప నోరు విప్పే మనిషి కాదు. అందరిలోకీ పెద్దవాడు పెళ్ళికూతురి మేనమామ ఓరిన్ గారు, గది తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు రానంత భారీ మనిషి. ఆయన పైజమాలో ఫెర్రీ దిగాడు. ఎందుకంటే మచ్చల ప్యాంటు విమానాశ్రయంలోనే లాక్కున్నారు.

"నేను ముందే రాశాను కదండీ," అన్నాను.

"రాశారమ్మా. వేరేవాళ్ళకేమో అనుకున్నా."

మర్నాడు చినుకులు పడుతుంటే సరిగ్గా వెళ్ళి మాంచినీల్ చెట్టు కిందే నిలబడ్డాడు. బట్టతల నిండా బొబ్బలు. అమ్మ కలబంద గుజ్జు పూస్తూ, మా మాటలు ఆయనకి అర్థం కావులే అనుకుని నాతో అంది.

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే విన్నాను. వీళ్ళు ఎలుగ్గొడ్డునే తెచ్చారు."

"మీరేదో తిడుతున్నారని తెలుస్తూనే ఉందండీ," అన్నాడాయన. "మంట తగ్గింది, కానివ్వండి."

అమ్మకి ఆయన మీద నిజంగా ఒళ్ళు మండింది భోజనాల దగ్గర. మేక కూర, మొక్కజొన్న సంకటి, కందికాయల పులుసు వడ్డించగానే ఆయన జేబులోంచి ఎర్రమూత ఉన్న చిన్న గాజుసీసా తీశాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్పు. ముద్ద నోట్లో పెట్టకముందే పళ్ళెం నిండా చల్లేశాడు.

అమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. "నా వంట రుచి చూడకుండానే ఉప్పు చల్లుతున్నాడా?"

"అలవాటండీ," అన్నాడాయన. "మా అక్క వంటకీ ఇంతే. గరిటె పెట్టి కొట్టేది."

"మంచిపని చేసేది."

అక్క అంటే మారెన్ తల్లి. ఆవిడే ఆయన్ని పెంచిందట. ఆ మాట చెబుతూ సీసా మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పూటపూటకీ సీసా బయటికి రావడం, అమ్మ మొహం మాడ్చుకోవడం మామూలైపోయింది.

అక్టోబరు వస్తే గండం గడిచినట్టే అని మా పెద్దలంటారు. గండానికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. పెళ్ళికి ఇంకా వారముండగా రేడియోలో తుఫాను కబురు వచ్చింది. ఊరంతా సుత్తుల చప్పుడే. మేమూ కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేశాం. ఒక పగలూ ఒక రాత్రీ ఇల్లు పళ్ళు పటపట కొరికినట్టు కదిలింది. గాలి వెళ్ళిపోయింది కానీ, వెనకాలే ఇంకోటి ఉందన్నారు. చెక్కలు తియ్యొద్దన్నారు. ఫెర్రీ ఆగిపోయింది. రోడ్డు మీద సముద్రం ఉంది. పెళ్ళి చేద్దామనుకున్న తీరంలో ఇసుక మొత్తం కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి.

పగలు కూడా దీపాలతోనే, అంతమందిమి ఒక్క కప్పు కింద. తడిబట్టల వాసన, కిరోసిన్ వాసన, ఎవరో ఒకరు దగ్గడం. అతిథులు తలుపు దాకా వెళ్ళడం, సందులోంచి చూడడం, వెనక్కి రావడం. "ఎప్పుడు తెరుస్తారు?" అని గంటకోసారి అడిగేవారు. వాళ్ళ మీద జాలి పడాల్సింది పోయి నాకు కోపం వచ్చేది. నాలుగు రోజులకే ఇంత గింజుకుంటున్నారే, నేను ఎన్నాళ్ళుగా ఉన్నాను ఈ ఇంట్లో అని.

ఒక మధ్యాహ్నం అందరం హాల్లో కూర్చుని కందులు ఒలుస్తున్నాం. మారెన్ ఊరుకోలేక అమ్మని అడిగింది.

"మీ అమ్మాయి ఇంతమందికి పెళ్ళిళ్ళు చేస్తుంది. తన పెళ్ళెప్పుడండీ?"

అమ్మ తలెత్తకుండానే చెప్పింది. "వాళ్ళ నాన్న రావాలి."

"ఎక్కడున్నారు? పాపం, ఫెర్రీ ఆగిపోవడం వల్లా?"

నాకు నవ్వొచ్చింది. మొదలయ్యాక ఆగలేదు, అది ఎక్కడ ఏడుపుగా మారిందో నాకే తెలియదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ వెనకే వచ్చింది.

"పరాయివాళ్ళ ముందు ఏంటే ఆ ఏడుపు?"

"ఏం లేదు. కిటికీలకి చెక్కలు కొట్టడం నీకు ఎంత బాగా వచ్చో చూస్తున్నా."

"నేనా కొట్టింది? తుఫాను వల్ల కొట్టాం."

"ఈ తుఫానుకి ముందు నించీ కొట్టే ఉన్నాయమ్మా నాకు."

అమ్మ చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. మా అమ్మ మాటకి మాట అనకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మారెన్ తన తల్లి గురించి చెబుతోంది. పెళ్ళి చూడకుండానే పోయిందనీ, కనీసం కలలోకైనా రాలేదనీ. అమ్మ అంతా విని, ఒలిచిన కందుల పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇసుక లేదు కాబట్టి పెళ్ళి ఇక్కడే, ఈ హాల్లో చేద్దాం. పాస్టరు పక్కింట్లోనే ఉన్నాడు. కాయితాలు తయారుగా ఉన్నాయిగా? అయితే ఒక సంగతి. నా ఇంట్లో పెళ్ళి జరిగితే పెద్దలకి పళ్ళెం పెట్టకుండా జరగదు. మీ అమ్మకీ పెడదాం. ఈ ఇంటి పెద్దలకీ పెడదాం."

ఈ ఇంటి పెద్దలంటే నాన్న కూడా. ఆ మాట అంటూ అమ్మ నా వైపు చూడలేదు.

పెళ్ళికి ముందురోజు సాయంత్రానికల్లా అమ్మ వంట ముగించింది. సంకటి ఉండలు, అన్నం, కోడి, వేయించిన చేప, కందులు. దేనిలోనూ ఉప్పు రవ్వ లేదు. పోయినవాళ్ళు ఉప్పు ముట్టరు, అది మా దీవిలో పాకే పిల్లకి కూడా తెలుసు. వెనకగదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పెద్ద పళ్ళెం, నీళ్ళ కూజా, గ్లాసుడు రమ్ము, కొవ్వొత్తి పెట్టి, నాన్న కుర్చీ వేసింది. నేను అతిథులందరినీ నిలబెట్టి చెప్పాను.

"పొద్దున్న పెద్దావిడ వచ్చి తలుపు తీసేదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు. దేన్నీ ముట్టకూడదు. ఓరిన్ గారూ, ఇది మీకు కూడా."

"అయ్యో, విన్నానమ్మా," అన్నాడాయన.

పొద్దున్నే క్లెమెన్సీ టాంటీ వచ్చింది, టాంటీ అంటే మా దీవిలో అత్త వరస. ఊళ్ళో కలలకి అర్థం చెప్పేదీ, పళ్ళెం గది తలుపు తీసేదీ ఆవిడే. చూపు సగం పోయింది కానీ మాట ఎవరూ దాటరు. ఆవిడ ముందు, అమ్మా నేనూ వెనక, మారెన్ మా వెనక. తలుపు తెరిచింది.

కుర్చీ వెనక్కి జరిగి ఉంది. పళ్ళెం ఖాళీ. చేపముళ్ళు, కోడి ఎముకలు ఒక పక్కన బుద్ధిగా పోగుపెట్టి ఉన్నాయి. రమ్ము గ్లాసు ఖాళీ. మా పళ్ళేలు ఎప్పుడూ అలా ఖాళీ అవవు. పెద్దలు వాసనే తీసుకుంటారు, తిండి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, పొద్దున్న పిల్లలకి పంచుతాం.

"ఒసే ఇస్మే!" టాంటీ అమ్మ భుజం పట్టుకుని ఊపింది. "నీ మొగుడు కాన్యూట్ వచ్చాడే! తన కుర్చీలో కూర్చుని కడుపునిండా తిన్నాడే! నా బతుకులో ఇలా చూడలేదు. కలలోకి రాకపోయినా పిల్ల పెళ్ళికి ఒప్పుకున్నట్టేనే."

అప్పుడు చూశాను. నీళ్ళ కూజా వెనకాల ఎర్రమూత గాజుసీసా ఉంది.

టాంటీ బల్ల అంచు తడుముకుంటూ చుట్టూ తిరుగుతోంది. ఇంకాస్త ముందుకి వస్తే ఆవిడ చెయ్యి కూజాకి తగులుతుంది. ఉప్పు కలిసిన పళ్ళెమని తెలిస్తే ఊరంతా పాకుతుంది, ఇక నాన్న వచ్చాడని ఎవరూ ఏనాటికీ నమ్మరు. ఈలోగా అమ్మ వెళ్ళి బల్లకి అడ్డం నిలబడింది. మాకు వీపు పెట్టి, ముడతపడిన గుడ్డ సర్దింది, కుర్చీ లోపలికి జరిపింది, దాని మీద చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే ఉంది.

"అవును టాంటీ. ఆయనే," అంది.

ఆమె పక్కకి తప్పుకున్నాక చూస్తే కూజా వెనక ఏమీ లేదు.

"థియా, పడవేదన్నా కదిలితే ఆల్విన్‌కి కబురు పెట్టు," అంది అమ్మ. "ముందా పళ్ళెం కడుగు."

మారెన్ మెల్లిగా అడిగింది. "మా అమ్మ కూడా తిందాండీ?"

"ఆవిడ తినకపోతే అంత పళ్ళెం ఖాళీ అవుతుందా తల్లీ?" అంది అమ్మ.

ఆ పూటే మా హాల్లో పెళ్ళి జరిగింది. ఓరిన్ గారు పాస్టరు ప్రార్థన చేస్తున్నంతసేపూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అందరూ అక్క గుర్తొచ్చిందనుకున్నారు.

సముద్రం నెమ్మదించింది. ఆయనా నేనూ వసారా కిటికీల చెక్కలు ఊడబెరుకుతున్నాం. ఆయన మేకు పీకుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"తిన్నది నేనమ్మా."

"తెలుసు."

"ముట్టొద్దన్నారు, గుర్తుంది. ఊరికే చూసి వెళ్దామనుకున్నా. మా అక్కకి పెట్టారుగా. చల్లారిపోతోంది. చిన్నప్పుడు దాని పళ్ళెంలో మిగిలిందంతా నేనే తినేవాణ్ణి, నాకోసమే మిగిల్చేది. కూర్చున్నాను. లేచేసరికి ఖాళీ." చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. "చప్పగా ఉంటే కాస్త ఉప్పు చల్లుకున్నా. సీసా అక్కడే మర్చిపోయాను. మీరు తీశారా?"

"లేదు."

"మరెవరు?"

నేను తర్వాతి మేకు పట్టుకున్నాను. ఆయన సుత్తి కింద పెట్టాడు.

"నా వల్ల మీ ఇంట్లో ఏదో పెద్ద విషయమే జరిగిందంటున్నారు. మీ అమ్మగారి దగ్గరికెళ్ళి నిజం చెప్పేస్తాను."

"ఓరిన్ గారూ, నేనిచ్చిన ఒక్క సలహా కూడా మీరు విన్లేదు. ఇదే ఆఖరిది, ఇదైనా వినండి. నోరు విప్పొద్దు."

విన్నాడు. ఫెర్రీ మొదలవగానే అందరూ వెళ్ళిపోయారు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటారు. మా ఇంట్లో ఒక్క అబద్ధానికే పెళ్ళి కుదిరింది. ఆల్విన్ కబురు విని పడవ వేసుకుని వచ్చేశాడు, ట్రినిడాడ్ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ నాకు మాత్రం సుఖం లేదు. ఊళ్ళోవాళ్ళంతా మీ నాన్న దీవెన అంటుంటే లోపల ముల్లులా గుచ్చేది. తిన్నది నాన్న కాదు. సరే అన్నదీ నాన్న కాదు. చెక్కలు తీసేశారు, అయినా నాకు ఊపిరాడేది కాదు. అమ్మని అడగాలనుకునేదాన్ని. అడిగితే అంతా కూలిపోతుందేమోనని భయమేసేది.

జనవరిలో నాకూ ఆల్విన్‌కీ పెళ్ళయింది. అమ్మ మళ్ళీ పళ్ళెం పెట్టింది. పొద్దున్నకి పెట్టింది పెట్టినట్టే ఉంది, పిల్లలు ఎగబడి తిన్నారు. డోలు మోగింది. మర్నాడు నేను పిటీ మార్టినీక్ వెళ్ళడానికి జెట్టీ దగ్గరికి వస్తే, అమ్మ ఒక్కతే నాతో చివరిదాకా నడిచింది. ఆల్విన్ పడవలో సామాను సర్దుతున్నాడు.

అమ్మ తన గౌను జేబులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది. ఎర్రమూత గాజుసీసా. నిండా కొత్త ఉప్పు పోసి ఉంది.

"కొత్తింట్లోకి ముందు ఉప్పు వెళ్ళాలి," అంది.

"అమ్మా, ఇదీ..."

"ఎవరిదో నాకు తెలీదా? అన్ని రోజులు నా వంటని అవమానించిన సీసా."

"మరి నాన్న రాలేదని తెలిసే పంపుతున్నావా నన్ను?"

అమ్మ నీళ్ళకేసి చూసింది.

"వచ్చాడే," అంది. "ఆయన పోయిన మొదటి వానల్లోనే వచ్చాడు. పిల్లని పంపించెయ్ ఇస్మే, అన్నాడు. తర్వాత కూడా వచ్చాడు, ఎన్నిసార్లో. ప్రతిసారీ అదే మాట. పొద్దున్నే లేచి నీకు టీ పోసి, రాలేదని చెప్పేదాన్ని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు. ఇన్నేళ్ళు ఆ వసారాలో నిలబడి నేను అవతలి దీపం చూడటం ఆమె చూస్తూనే ఉంది. ఏదో అనాలి, ఏదైనా విసిరికొట్టాలి, చేతిలో ఆ సీసా తప్ప ఏమీ లేదు. అమ్మ నేను ఏమంటానా అని ఎదురుచూస్తూ, చేతులు కట్టుకుని చిన్నపిల్లలా నిలబడింది. ఆమె వెనక మా ఇల్లు, ఆరు ఖాళీ గదులు.

"థియా, గాలి మళ్ళుతోంది, రా!" అని ఆల్విన్ కేకేశాడు.

నేను సీసా పట్టుకునే పడవెక్కాను. తాడు విప్పారు. పడవ కాస్త దూరం వెళ్ళాక అమ్మ జెట్టీ చివరికి వచ్చి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఆ సీసా మూత గట్టిగా బిగించావా? సముద్రం గాలికి గడ్డ కడుతుందే!"

ఆరేళ్ళ కోపం గొంతుదాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం, "బిగించానమ్మా!" అన్న మాటే వచ్చింది.